నారింజ రంగు లేని క్యూబు

జమ్మలమడుగులో పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. గ్రంథాలయానికి పోవడం మాత్రం ఆగలేదు. పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చాక ఇక్కడి గ్రంథాలయంలోనూ చేరాను. పగలు జాకెట్లు కుట్టి, సాయంత్రం అక్కడ కూర్చుని చదివినవాటిలో గణిత వినోదాల పుస్తకం ఒకటి. ఆరు రంగుల క్యూబును వరస తర్వాత వరసగా ఎట్లా కూర్చాలో అందులో బొమ్మలు వేసి చెప్పారు. ఇంకొకరి సాయం లేకుండా నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే.

పులివెందులలో క్యూబు పోటీ పెడుతున్నారని తెలిసి పేరిచ్చాను. గెలుస్తానని కాదు. నేను క్యూబు పూర్తిచేసిన సమయాన్ని ఒక్కసారైనా పోటీవాళ్ళు రాసుకోవాలి. నాకు కావలసింది అంతే.

కొందరు నీళ్ళలో మునిగి, మంచులో నిలబడి కూడా క్యూబు కూరుస్తారని ఒక పత్రికలో చదివాను. ప్రొద్దుటూరులో మంచు లేదు, ఎండ ఉంది. మే నెల మిట్టమధ్యాహ్నం, కుట్టుమిషను పెట్టుకున్న రేకుల షెడ్డులో ఫ్యాను ఆపి సాధన మొదలుపెట్టాను.

"ఏమ్మే, ఫ్యాను ఆపుకోని ఏం జేస్తాండావు?" మా అత్త తొంగిచూసింది.

"పోటీకి అలవాటు జేసుకుంటాండా."

"పులివెందుల్లో ఫ్యాన్లు లేవా ఏంది?"

ఆమె మాట వినుంటే బాగుండేది. ఆ వేడికి, చేతుల చెమటకి క్యూబు మీది స్టిక్కర్ల బంక కరిగిపోయింది. నారింజ రంగువి కొన్ని ఊడి, ఎక్కడ పడ్డాయో కూడా కనబడలేదు. ఎదురుగా ఫ్యాన్సీ షాపు నడిపే నా స్నేహితురాలు అదే రంగు మఖ్మల్ బొట్టుబిళ్ళలు ఏరి ఇచ్చింది. "నుదుటి మీద పొద్దుగూకేదాకా నిలుస్తాయి. దీని మీద నిలవవా అక్కా?" అంది. నిలిచాయి.

పోటీకి తనూ నాతో వచ్చింది. హాలు నిండా పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. క్యూబులు పరీక్షించే కాలేజీ అబ్బాయి నాదాన్ని చేతిలోకి తీసుకుని, బొట్టుబిళ్ళల మీద వేలు ఆనించి తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, దీంతో ఆడనీయరు. తడిమితేనే ఏ రంగో తెలిసిపోతాది."

"నేను కండ్లు తెరుచుకోనే జేస్తా గదప్పా."

"గంతలు కట్టుకోని చేసేవాళ్ళూ ఉండారు. రూలు అందరికీ ఒకటే. వేరేది ఉంటే తెచ్చుకో."

పక్కనున్న ఒక తల్లి తన కూతురి క్యూబు ఇచ్చింది. లోపల అయస్కాంతాలున్న కొత్తరకం. నా బిగువు క్యూబుకి అలవాటైన చేతుల్లో అది ఒక్క మలుపు తిప్పితే రెండు తిరిగింది. దాంతో నావల్ల కాదని తిరిగిచ్చేశాను.

"అయితే ఇంటికి పోదామా?" అంది స్నేహితురాలు.

నా క్యూబు వైపు చూశాను. నల్ల ప్లాస్టిక్ మీద రంగులు అంటించినది. కొన్ని నారింజ గళ్ళు ఊడితే తికమక. అన్నీ ఊడితే నలుపే ఒక రంగు. గోటితో బొట్టుబిళ్ళలు పీకేసి, మిగిలిన నారింజ స్టిక్కర్లూ ఒలిచేశాను. స్నేహితురాలు బంక పోవడానికి పౌడరు డబ్బా తీసింది.

"వద్దు మే! తెల్లగా అయితే తెలుపులో కలిసిపోతాది."

కొంగుతోనే తుడిచాను. ఆ అబ్బాయి లోపలికి వెళ్ళి పెద్దవాళ్ళను అడిగి వచ్చాడు. ఆరు ముఖాలు ఆరు రకాలుగా కనబడుతున్నాయి కాబట్టి సరేనన్నారట.

బల్ల ముందు కూర్చున్నాక అసలు ఇబ్బంది తెలిసింది. కళ్ళు నారింజ కోసమే వెతుకుతున్నాయి. నల్ల గడి కనబడగానే అది ఖాళీ అనుకుని దాటిపోతున్నాయి. బంక వేళ్ళకి అంటుకుంటోంది. నా పక్క బల్లల దగ్గర ఒకరు లేచి మరొకరు కూర్చున్నారు. గడువు దగ్గరపడుతోందని, సమయం రాసుకోవడానికి ఎదుట కూర్చున్న అమ్మాయి గడియారం వైపు చూడడంతోనే అర్థమైంది. రంగుల్ని వదిలి, పుస్తకంలోని వరసల్ని గుర్తు తెచ్చుకుంటూ తిప్పాను. ఆఖరి మూల సర్దుకోగానే క్యూబు బల్ల మీద పెట్టి, నా ముందున్న గడియారాన్ని నొక్కి ఆపాను.

అమ్మాయి క్యూబును ముట్టుకోకుండా అన్ని వైపులా వంగి చూసి, సమయం రాసుకుంది. ఇంట్లో చేసేదానికి రెట్టింపు కంటే ఎక్కువే పట్టింది.

సాయంత్రం గోడ మీద ఫలితాలు అంటించారు. స్నేహితురాలు కిందినుంచి పైకి చదవడం మొదలుపెట్టి వెంటనే ఆగింది.

"అక్కా, అందరికంటే కింద ఉండావే!"

"ఉండా గదా," అన్నాను.