తెల్లసీసా సెంటు

మా మేనత్త నన్ను కుక్కముక్కుదానా అని పిలిచేది. తిట్టులాగే పిలిచేది గానీ, పాలు విరుగుతాయో నిలుస్తాయో తేల్చాల్సి వచ్చినప్పుడు గిన్నె తెచ్చి నా ముక్కు కిందే పెట్టేది. కాజీపేటలో గోడకు గోడ ఆనుకుని ఉండే రైల్వే క్వార్టర్లు మావి. ఎవరింట్లో పొయ్యి మీద ఏముందో గుమ్మం దాటకుండానే చెప్పేదాన్ని. నాన్న లోకోషెడ్‌లో ఫిట్టరు. సబ్బుతో ఎంత రుద్దుకున్నా ఆయనను డీజిల్ వాసన వదిలేది కాదు. ఆయన వీధి మలుపు తిరగ్గానే నాకు తెలిసిపోయేది. నేను చెప్పాక అత్త కంచాలు పెట్టేది.

ఇంత ముక్కు ఉండి కూడా ఒక్క వాసన ఏమిటో మాత్రం నాకు అంతుపట్టలేదు. అది మా అమ్మ వాసన.

డెబ్బైల మొదట్లో, నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటి నుంచి నన్ను పెంచింది మేనత్తే. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. గోడ మీద అమ్మ ఫోటో ఉండేది. కానీ ఫోటోలో అమ్మ అందరికీ కనిపిస్తుంది, పక్కింటివాళ్లకూ, పాలవాడికీ. నాకంటూ మిగిలింది ఆ వాసన ఒక్కటే. ఎవరో నన్ను ఎత్తుకుని ఉన్నారు, చుట్టూ తెల్ల చీరలు, ముక్కు నిండా తియ్యటి వాసన. తీపి వెనక కొంచెం ఘాటు, గొంతులోకి దిగేసరికి చల్లదనం. ఆదివారం చర్చిలో అమ్మ నన్ను ఎత్తుకున్నప్పటి సంగతి అనుకునేదాన్ని. ఏడాదికేడాది అది పలచబడుతోందని నాకు దిగులు. అది కూడా పోతే అమ్మ నాకు వట్టి ఫోటో అయిపోతుంది. అందుకని దాన్ని ఎలాగైనా వెతికి పట్టుకోవాలనుకున్నాను.

"అత్తా, అమ్మ ఏం సెంటు పూసుకునేది?" అని అడిగాను ఒకసారి.

"సెంటు లేదు, గింటు లేదు. పో, పప్పు మాడుతాంది సూడు."

పప్పు మాడితే ఆమె కంటే ముందు నాకు తెలియదా? మాట తప్పించిందంటే ఏదో ఉందన్నమాట. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

మా ఇంట్లో తలలో పూలు పెట్టుకునే అలవాటు లేదు. ఆదివారం మొహానికి కాస్త పౌడరు, అంతే. అది కూడా ఎక్కువైతే అత్త తన కొంగుతో తుడిచేసేది. సువాసన అంటేనే ఆమెకు గిట్టదు. మా చర్చి సంఘంలో ఎవరైనా పోతే మాత్రం అందరికంటే ముందు అత్త వెళ్లేది. నన్ను పక్కింట్లో వదిలి వెళ్లేది. తిరిగొచ్చాక పెరట్లో నల్లా కింద తలస్నానం చేసి, కట్టిన చీర తడిపి ఆరేసి, అప్పుడే నన్ను ముట్టుకునేది. తల్లిలేని పిల్లకు చావింటి గాలి తగలకూడదట. ఈ గాలి సంగతి బైబిల్లో ఎక్కడుందని అడిగితే నా వీపు మోగేది.

ఇక నా వెతుకులాట నేనే మొదలుపెట్టాను. బళ్లో లెక్కల టీచరు మొహానికి ఏదో స్నో రాసుకొచ్చేది. అది దగ్గరగా చూద్దామని ఆమె పక్కన చేరి లెక్కల్లో సందేహాలు అడిగేదాన్ని. స్నో కాదని తేలాక సందేహాలు మానేశాను. మా వీధిలోని హిందువుల పెళ్లిలో పన్నీరు చల్లుతుంటే రెండుసార్లు వరసలోకి వెళ్లి చల్లించుకున్నాను. అదీ కాదు. డిగ్రీకి రోజూ రైల్లో వరంగల్ వెళ్లొచ్చే రోజుల్లో ఆడవాళ్ల పెట్టె నాకు పెద్ద బడి అయిపోయింది. అప్పుడప్పుడే దుబాయి సెంట్లు వస్తున్నాయి. కొత్త పెళ్లికూతురు ఎక్కిందంటే పెట్టె చివరి దాకా తెలిసేది. నేను వెళ్లి పక్కన ఇరుక్కుని కూర్చునేదాన్ని. ఒకామె, "ఏం పిల్లా, నా మీద పడ్తానవ్?" అని కసురుకుంది కూడా.

వరంగల్ మండిబజారులో ఒక అత్తరు దుకాణం ఉండేది. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు మెట్టు మీద ఉండాల్సిందే. తెల్లగడ్డం తాత ఒకాయన గాజుపుల్లను సీసాలో ముంచి నా చేతి వెనక ఒక చుక్క పెట్టేవాడు. గులాబీ, మల్లె, వట్టివేళ్లు, హీనా. ముంజేయంతా అయిపోయేది, నాది దొరికేది కాదు. కాలేజీ వదిలాక వారానికో పూట అక్కడే తేలేదాన్ని.

"కొంటవా, ఉత్తగ వాసన సూసుడేనా?" అనేవాడు తాత.

"దొరికితే కొంట తాతా."

"నీకేం గావాల్నో నీకే ఎర్క లేదు. నాకెట్ల ఎర్కయితది? జర బయటికి పోయి గాలి పీల్చుకొని రా. ముక్కు మొద్దువారింది నీది."

అట్లా ఒకరోజు మెట్టు మీద నిలబడి గాలి పీలుస్తున్నాను. భుజం మీద తువ్వాలు వేసుకున్న ఒకాయన గబగబా వచ్చాడు. తొర్రూరు బస్సు పోతుందని తొందరపెట్టాడు. తాత వంగి, అడుగు అరలోంచి పొడుగాటి తెల్లసీసాలు రెండు తీశాడు. ఒకదాని మూత వదులుగా ఉందని తీసి బిగించాడు. అంతే, ఆ వాసన నా ముక్కుకు తగిలింది. అదే తీపి, వెనక అదే ఘాటు, గొంతులో అదే చల్లదనం. ఆయన సీసాలు పట్టుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం అక్కడే నిలబడి ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో ఆ అర వైపు చూపించాను.

"నాకు గదే గావాలె తాతా."

"గది నీకెందుకు బిడ్డా?"

"మా అమ్మ కోసం."

అప్పటిదాకా వేళాకోళం ఆడిన మనిషి మెత్తబడిపోయాడు. "మీరు మిషనోళ్లా?" అని అడిగాడు. ఔనన్నాను. "మీవోళ్లు గిదే తీస్కపోతరు" అని, సీసాను కాగితంలో చుట్టి, రెండు చేతులతో అందించాడు. నాకు ఇంకేం సాక్ష్యం కావాలి? మా వాళ్లందరూ వాడేదే అమ్మ కూడా వాడింది. ఇంతకాలం అత్త ఎందుకు దాచిందో మాత్రం అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున్నే అత్త చర్చిలో చాపలు పరవడానికి ముందే వెళ్లేది. ఆమె వెళ్లగానే నేను సీసా తీశాను. మెడకు, మణికట్టుకు, జాకెట్టు చేతులకు దండిగా పూసుకున్నాను. దారంతా నా చెయ్యి నేనే వాసన చూసుకుంటూ నడిచాను. అమ్మ నా పక్కనే నడుస్తున్నట్టు ఉంది. అంత సంతోషం నాకు అదివరకు తెలియదు.

ఆడవాళ్ల చాప మీద కూర్చోగానే నా ముందు పాట పాడుతున్న ముసలామె ఆపేసి వెనక్కి తిరిగింది. నా మొహమంతా వెతికి, నా చెయ్యి పట్టుకుంది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

నాకు అర్థం కాలేదు. పక్కనున్నామె కాస్త జరిగింది. ఇంకో ఆమె కొంగు ముక్కుకు పెట్టుకుంది. అంతలో అత్త నా రెక్క పట్టుకుని బయటికి, చర్చి వెనక నల్లా దగ్గరికి లాక్కెళ్లింది.

"ఎవలింటికి పోయొచ్చినవే?"

"ఎవలింటికి పోలే. కొనుక్కున్న. అమ్మ సెంటు."

అత్త నల్లా తిప్పబోయి ఆగిపోయింది. "ఇది పెట్టెల పోసే సెంటు బిడ్డా," అంది. "సమాధి పెట్టెల. పీనుగు మీద పోస్తరు."

"అమ్మ పూసుకునేది గద?"

"మీ అమ్మ ఎన్నడు పూసుకోలే. దమ్ము రోగం ఉండె ఆమెకు. అగరొత్తి వాసనకే దగ్గి దగ్గి సగమయ్యేది. ఆమె ఉన్నన్ని దినాలు మన ఇంట్ల సబ్బు గూడ వాసన లేందే తెచ్చేటోడు మీ నాయిన."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లు నేను అమ్మ అనుకుని గుండెలో పెట్టుకున్నది ఒక శవపేటిక వాసన. ఎవరి మీద కోప్పడాలో తెలియక అత్త మీద పడ్డాను.

"మరి నాకెట్ల తెలుసు ఆ వాసన? నన్ను చావింటికి పోనియ్యవు గద నువ్వు?"

"వేరేటోళ్ల చావింటికి పోనియ్య. గది నీ ఇల్లేనాయె." అత్త తడి చేతిని చీరకు తుడుచుకుంది. "బిడ్డ చేతులతోటి పోయిస్తే మంచిదని పెద్దలన్నరు. నేనే నిన్నెత్తుకున్న. సీసా నీ చేతిల పెట్టినం. మెడకాడ పోసినవ్, చేతులకాడ పోసినవ్. సగం సీసా అయినంక ఆపినవ్. ఎంతమంది చెప్పినా ఇగ పొయ్యనే పొయ్యవైతివి."

"ఎందుకు?"

"'సాలు, అమ్మకు దగ్గొస్తది' అన్నవ్. అందరు ఏడ్సుడాపి నిన్నే సూసిండ్రు. నువ్వేమో దగ్గుతదేమోనని అమ్మ మొకం దిక్కే సూసుకుంట ఉన్నవ్."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా ఇప్పటికీ రాదు. నల్లా దగ్గర గట్టు మీద కూలబడి అప్పుడు ఏడ్చాను. అత్త నా చేతులు కడగలేదు, ఊరికే పక్కన కూర్చుంది. లోపల పాట అయిపోయి ప్రార్థన మొదలైంది. అమ్మ గురించి నాకేమీ తెలియదని అన్నేళ్లు కుమిలిపోయాను. కానీ ఆ రోజు ఆ గదిలో అంతమంది పెద్దవాళ్లుండగా, అమ్మకు సెంటు పడదని అడ్డుపడింది నేనొక్కదాన్నే.