స్టీల్ గిటార్‌లో తెల్లపొడి

బ్రాడీపేటలో ఒక పాస్టరమ్మగారింట్లో పెడల్ స్టీల్ గిటార్ అమ్మకానికి ఉందని తెలిసి వెళ్లాను. ఆవిడ భర్త ఉన్నన్నాళ్లూ ఆరాధనల్లో దాన్ని వాయించేవారట. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. అది భుజాన తగిలించుకునే గిటార్ కాదు. కాళ్ల మీద బల్లలా నిలబడుతుంది. పది తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ, కింద పాదాలతో పెడళ్లు తొక్కుతూ వాయించాలి. నేను బడిలో లెక్కలు చెబుతాను, ఆదివారాలు మా చర్చిలో మామూలు గిటార్ వాయిస్తాను. దీన్ని ఫోన్‌లో చూసి ఆశపడటమే తప్ప, ఎదురుగా చూడటం అదే మొదటిసారి.

దాన్ని కొని, పెట్టెతో సహా ఆటోలో వేయించుకుని చిలకలూరిపేట దగ్గర మా పల్లెకు తెచ్చాను. మర్నాడు సెలవు. వరండాలో చాప పరిచి గిటార్‌ను తిరగేశాను. అడుగున ఉన్న కడ్డీలు, స్ప్రింగుల సందుల నిండా తెల్లటి దుమ్ము. బ్రష్ అందనిచోట నోటితో ఊదాను. దుమ్ము మొహం మీదికి లేచింది. దగ్గొచ్చింది, నాలుక చేదెక్కింది. మళ్లీ ఊదబోతుంటే నాన్న వచ్చి నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

నాన్న ముప్ఫయ్యేళ్లు పత్తి, మిరప చేలల్లో కూలికి వెళ్లిన మనిషి. నన్ను అలా పట్టి లాగడం నాకు ఊహ తెలిశాక లేదు.

"ఊదొద్దమ్మా. లెగు. ముందు మొహం కడుక్కో, నోరు పుక్కిలించు."

"దుమ్మే కదా నాన్నా?"

"కాదు. పురుగుమందు. ఈ వాసన నాకు తెలుసు."

సబ్బుతో తలంటుకుని చీర మార్చుకున్నాను. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, కళ్లు తిరిగినా వాంతి వచ్చినా వెంటనే వచ్చేయమన్నారు. అదృష్టం, ఏమీ కాలేదు. తర్వాత పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను. చెదలు పట్టాయని ఎవరో కాగితంలో పొట్లం కట్టిచ్చిన పొడిని ఆవిడే పెట్టెలోనూ గదిలోనూ చల్లి మర్చిపోయారట.

"నేను రోజూ ఆ గదిలోనే పడుకుంటున్నానమ్మా," అన్నారు చివరికి.

ఆ గది వెంటనే ఖాళీ చేయమని, చీపురుతో ఊడ్పించవద్దని చెప్పాను.

గిటార్ పారేద్దామన్నాను. నాన్న ఒప్పుకోలేదు. సాయంత్రం దాన్ని పెరట్లోకి మార్పించాడు. ఇద్దరం మూతికి మాస్కులు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాం. గాలి మా వెనక నుంచి వచ్చేలా కూర్చోబెట్టాడు. పొడిబట్ట వాడొద్దన్నాడు. పిండిన తడిబట్టతో ఒక్కసారి తుడిచి, ఆ బట్టను సంచిలో వేసి మూతి కట్టి, మరో బట్ట తీసుకోవాలి. కరెంటు తగిలించే భాగానికి తడి తగలకుండా నేను చూసుకున్నాను. పాత తీగలు, పెట్టెలోపలి మెత్తటి గుడ్డ కూడా సంచిలోకే వెళ్లాయి.

తుడుస్తూ తుడుస్తూ నాన్న తల ఎత్తకుండా చెప్పాడు.

"మీ మావయ్య పోయింది గుండె ఆగి కాదమ్మా. మేమిద్దరం పత్తికి మందు కొడుతున్నాం. మూతికి గుడ్డ కూడా లేదు. ఇద్దరం పడిపోయాం. నేను లేచాను."

అమ్మ తమ్ముడు గుండెపోటుతో పోయాడనే చిన్నప్పటి నుంచి విన్నాను. బీమా దరఖాస్తుల్లో, ఆస్పత్రుల్లో ఎవరు అడిగినా మా ఇంట్లో గుండెజబ్బు ఉందనే చెబుతూ వచ్చాను. ఎందుకు దాచారని అడిగాను. పురుగుమందు వల్ల పోయాడంటే, తాగి చచ్చాడనే అనుకుంటారని భయపడ్డారట. ఊరి నోరు మూయలేక గుండె మీదికి నెట్టారు.

ఆ తుడవడం రెండు వారాలు పట్టింది. కీళ్లకు నూనె చుక్కలు వేశాక పెడళ్లు కదిలాయి. కొత్త తీగలు కట్టాను. శబ్దం బాగానే వచ్చింది.

మర్నాడు పొద్దున అమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. నాన్న చెప్పాడన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఆ రోజు వాడు రానన్నాడు," అంది. "మీ నాన్నకు తోడు వెళ్లమని నేనే పంపాను."

తట్ట దగ్గరికి లాక్కుని, నేనూ తొడిమలు తీయడం మొదలుపెట్టాను.