నలుసు తీసే చెయ్యి

విజయవాడలో బస్సెక్కిన దగ్గర్నుంచీ పక్కసీట్లో పెద్దావిడ నల్లద్దాలతో కునుకుతోంది. మాట కలిపే ఓపిక నాకూ లేదు. పామర్రు దాటాక, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం దుమ్ము లేచి నా కంట్లో నలుసు పడింది. "అబ్బా" అన్నాను.

ఆవిడ మేలుకుని, కొంగు కొస మెలిపెట్టి నా కంటిదాకా తెచ్చింది. అక్కడే ఆగిపోయింది. కొంగు దించేసి నీళ్ళసీసా ఇచ్చింది.

"నలపకండి బాబూ. కడుక్కోండి."

కడుక్కుంటే నలుసు పోయింది.

"కోతలప్పుడు మా ఊళ్ళో ఎవరి కంట్లో నలుసు పడ్డా నేనే తీసేదాన్నండి, ఈ కొంగుతోనే. మొన్న నా కంట్లో పడితే నేనే తీసుకున్నా. గీరుకుందంట. ఆ గీతలోంచి క్రిములు దిగి నల్లగుడ్డు పైపొరని తినేస్తున్నాయంట. కొంగుకున్నవే అయ్యుంటాయన్నాడు డాక్టరు. గంటగంటకీ చుక్కలు వేసుకోవాలి."

"తగ్గిపోతుందిలెండి," అన్నాను.

"నాది సరే బాబూ. నిరుడు మా తోడికోడలికి ఇలాగే కన్ను పోయింది. దిష్టి తగిలిందనుకున్నాం." కొంగు కొస చేతిలోకి తీసుకుంది. "ఆ నలుసూ నేనే తీశాను."

చల్లపల్లిలో దిగేదాకా ఆవిడ కొంగు కొసని పిడికిట్లో బిగించి పట్టుకునే కూర్చుంది.