పవిత్రన్ చెట్టెక్కని మధ్యాహ్నం

పొద్దున్నే పవిత్రన్‌ను పలకరిస్తే కరుస్తాడని కాలువ గట్టున అందరికీ తెలుసు. మొదటి చెట్టు ఎక్కి దిగేదాకా ఆ నోట్లోంచి మంచి మాట రాదు. దిగాక కూడా రాదనుకోండి, కాకపోతే తిట్లు కాస్త తగ్గుతాయి.

కుట్టనాడులో కొబ్బరికల్లు గీసేవాడికి సెలవంటూ లేదు. రోజూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కాలి. పూగెలను కల్లు ఊరేలా ఎముకతో తట్టాలి, కొన చెక్కాలి, కారేది పట్టడానికి లొట్టి కట్టాలి. వరసగా కొన్ని పూటలు ఎగ్గొట్టామా, గెల ఎండిపోతుంది. మళ్లీ కొత్త గెలను లొంగదీసి, అది కారేదాకా వారాల తరబడి నోరు మూసుకుని కూర్చోవలసిందే. తండ్రి పోయిన రోజు పవిత్రన్ చితి దగ్గర నుంచి సరాసరి చెట్టు దగ్గరకే వెళ్లాడు. పెళ్లిరోజు మధ్యాహ్నం పందిట్లోంచి మాయమయ్యాడు. అతని భార్య విలాసిని ఆ సంగతి నేటికీ మరిచిపోలేదు.

"నువ్వు మనిషివా, గోడ గడియారానివా? పెళ్లికూతుర్ని పందిట్లో వదిలేసి చెట్టెక్కినవాణ్ని నిన్నే చూశాను."

"చెట్టు ఎదురు మాట్లాడదు" అనేవాడు.

తన కల్లు తాను నాలుక మీద కూడా వేసుకోడు. అలా ఉండలేనివాళ్లంటే ఒళ్లుమంట. అందులోనూ ముసలి వేలప్పన్ అంటే మరీను. వేలప్పన్ చెట్టు మీదే సగం లొట్టి ఖాళీ చేసి, దిగి, చెట్టు మొదట్లో గుర్రుపెట్టి నిద్రపోయే రకం. కల్లు షాపు కాంట్రాక్టరు ఉత్తమన్ ఒకనాడు అతన్నీ, ఇంకో ముసలాయన్నీ పనిలోంచి తీసేశాడు. మంచి పని చేశాడనుకున్నాడు పవిత్రన్. కానీ గీత కార్మికుల సంఘం సమ్మెకు దిగింది. ఆ సంఘాన్ని నిలబెట్టి జైలుకు పోయినవాళ్లలో అతని తండ్రి ఒకడు. ఆ పేరు సంఘం ఆఫీసు గోడ మీద ఇంకా ఉంది. పళ్లు కొరుక్కుంటూనే పవిత్రన్ సమ్మెలో చేరాడు, ఒక మెలిక పెట్టి.

"షాపుకు చుక్క పొయ్యను. కానీ చెట్టు మాత్రం ఎక్కుతాను."

సంఘం కార్యదర్శి దివాకరన్ విలాసినికి తమ్ముడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎక్కి ఏం చేస్తావు బావా? కాకులకు పోస్తావా?"

"కాలువలో పోస్తాను. నా గెల ఎండనివ్వను."

"అందరం పస్తులుంటుంటే నీ గెల గోలేంటి? నువ్వెక్కుతుంటే చూసి ఆ ఉత్తమన్ నవ్వడా?"

"నీ గెల ఏనాడైనా నిండా కారిందా, ఎండితే బాధ తెలియడానికి?"

ఆ రోజు నుంచి బావాబావమరుదులకు మాటల్లేవు.

పవిత్రన్ అన్నంత పనీ చేశాడు. లొట్లు మోసుకొచ్చి, పడవరేవులో అందరూ చూస్తుండగా నీళ్లలో వంచేసేవాడు. చేపలకు కైపెక్కింది కానీ మనుషులకు నమ్మకం కుదరలేదు. చీకటి పడ్డాక అతని కల్లు కోసం ఉత్తమన్ పడవ వస్తోందని ఒకరు పుట్టించారు, తాము చూశామని పదిమంది చెప్పారు. రేవులో ఆడవాళ్లు అతన్ని చూసి "ద్రోహి" అని ఉమ్మేశారు. ఎంత తిట్టినా పట్టించుకోని మనిషి ఆ ఒక్క మాట దగ్గర కుదేలయ్యాడు. గోడ మీదున్న తండ్రి పేరును కూడా అది తాకుతుంది. ఒక పొద్దున చూస్తే, ఎక్కడానికి చెట్లకు కట్టుకున్న కొబ్బరి డొక్కల మెట్లు ఎవరో కోసేసి ఉన్నారు. మాను కావలించుకునే ఎక్కాడు. దిగేసరికి రొమ్ము మీద చర్మం లేదు.

ఉత్తమన్ మనిషి నిజంగానే ఒకసారి వచ్చాడు. "నీళ్లలో పోసేదేదో మాకే పొయ్యన్నా" అన్నాడు మెల్లిగా.

"ఇంకోసారి ఈ గట్టు మీద కనబడితే గెల బదులు నీ ముక్కు చెక్కుతాను" అన్నాడు పవిత్రన్.

చివరికి సమ్మె నెగ్గింది. ఉత్తమన్ ముసలాళ్లిద్దర్నీ వెనక్కి తీసుకున్నాడు. తీసుకుంటున్నానని చెప్పడానికి అందర్నీ షాపు ముందుకు పిలిచి, ఓడినవాడి కడుపుమంటంతా అక్కడే కక్కాడు.

"కల్లు తెచ్చినవాడికే కూలి. గెలలు ఎండబెట్టుకున్నవాళ్లు కారేదాకా ఇంట్లో కూర్చోండి. అన్నాళ్లూ తిండికి బత్తెం గిత్తెం అడగొద్దు." తర్వాత పవిత్రన్ భుజం మీద చెయ్యి వేశాడు. "క్రమశిక్షణంటే ఇదీ! ఇతన్ని చూసి నేర్చుకోండి. అందరూ ఇలా ఉంటే సంఘాలెందుకు, జెండాలెందుకు? ఇకనుంచి షాపు నడిపేది ఇతని కల్లే."

వేలప్పన్ ఒక్కడే నవ్వాడు.

"మీ నాన్న పేరు గోడ మీద భలే మెరుస్తోందిరా."

పవిత్రన్ ఆ చేతిని విదిలించుకుని బయటపడ్డాడు. ఇంట్లో గంజి ముందు కూర్చుని తాగలేకపోయాడు. ఇన్నేళ్లూ ఆ మూడు పూటల కష్టం తన సొంతమనుకున్నాడు. ఇవాళ దాన్నే కర్రలా పట్టుకుని ఉత్తమన్ తనవాళ్ల వీపులు వాయించాడు. అంతకంటే సిగ్గుచేటు అతనికి కనబడలేదు. వేలప్పన్ తాగుబోతే, సోమరే. అయినా ఆ కర్ర తన చెట్ల మీద మొలిచింది.

మధ్యాహ్నం వేళ తప్పకుండా చెట్టు దగ్గరకు వచ్చాడు. నడుముకు కత్తి, చేతిలో ఎముక. వచ్చి, చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. ఎక్కలేదు. గట్టు మీద వెళ్లేవాళ్లు ఆగి చూశారు. చేతికి మాత్రం బుద్ధి చెప్పలేకపోయాడు. తట్టే వేళకు అది ఎముకతో మోకాలి మీద దానంతటదే తడుతూనే ఉంది. కబురందగానే దివాకరన్ పరిగెత్తుకొచ్చాడు.

"సమ్మె అయిపోయింది కదా బావా! ఎక్కు. గెల ఎండిపోతుంది."

"మీది అయిపోయింది."

"పిచ్చా నీకు? బతికున్న గెలలు ఈ గట్టు మొత్తానికి నీ ఒక్కడివే!"

"అందుకే. ఆ ఉత్తమన్‌ను అందరికీ బత్తెం ఇవ్వమను, ఎక్కుతాను. లేకపోతే వాడి షాపులో వాణ్ని నీళ్లు అమ్ముకోమను. పో ఇక్కణ్నుంచి."

సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. మర్నాడు పొద్దున కూడా అంతే. ఎక్కకుండా ఉండటానికి కూడా వేళ తప్పలేదు. పైన గెలలు నల్లబడుతుంటే తలెత్తి చూడలేక కాలువ వైపు తిరిగి కూర్చునేవాడు. షాపు తెరుచుకోలేదు. తాగేవాళ్లు ఉత్తమన్ ఇంటి ముందు చేరి బూతులు మొదలుపెట్టారు. బత్తెం సంగతి మాట్లాడదాం రమ్మని దివాకరన్‌కు కబురొచ్చేసరికి, పవిత్రన్ చెట్ల మీద పచ్చి గెలన్నది ఒక్కటీ లేదు.

ఆ మధ్యాహ్నం వేలప్పన్ తూలకుండా నడుచుకుంటూ వచ్చాడు. పక్కనే కూలబడి ఒక బీడీ తీసి ఇచ్చాడు.

పవిత్రన్ బీడీ తీసుకున్నాడు. పొద్దు ఎంత వాలిందో ఓసారి చూశాడు.

"ఆలస్యంగా వచ్చావు" అన్నాడు.