పోలయ్య మంచానికి దురాయి

1961లో వాకాడు వైపు తీరంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నన్ను మెడికల్ ఆఫీసరుగా వేశారు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. కాగితాల మీద మహా నమ్మకం.

దగ్గరి పాళెం నుంచి పోలయ్య అనే ముసలి జాలరి వచ్చేవాడు. గుండె బలహీనపడి కాళ్లకు నీరు పట్టింది. మాత్రలతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు గానీ నయం కాదు. ఆ మాట చెప్పబోతే ఆయనే అందుకున్నాడు.

"నాకు తెలుసు సామీ. రేపు ఊపిరాడకపోతే మావోడు నన్ను బండిలో ఏసుకొని నెల్లూరికి లాక్కపోతాడు. దావలో పోయేది నాకొద్దు. ఇంట్లోనే పోనీండి. అది రాసిపెట్టండి."

కేసు షీటు మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి, వేలిముద్ర వేయించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఘనకార్యం చేసినట్టు ఆ రోజు రెండుసార్లు కాఫీ తాగాను.

పోలయ్య నాకంటే తెలివైనవాడు. నా కాగితాన్ని నమ్ముకోకుండా కులపెద్దల చేత దురాయి వేయించాడు. దురాయి అంటే పాళెమంతా కట్టుబడాల్సిన కట్టడి. మామూలుగా ఫలానా రోజు వేటకు పోరాదని వేస్తారు. ఈయన తన మంచం ఊరు దాటరాదని వేయించుకున్నాడు. అదీ కొడుకు రమణయ్య పులికాటు వైపు వేటకు పోయిన రోజు చూసి. అవసరం పడేదాకా వాడి చెవిన వేయొద్దని కూడా చెప్పాడట, వింటే ఏడుస్తాడని.

వానాకాలంలో నేను టీకాల క్యాంపులో ఉండగా పోలయ్యకు ఊపిరాడటం లేదని కబురొచ్చింది. సైకిలు తొక్కుకుంటూ వెళ్లేసరికి ఇంటి ముందు ఎద్దులు కట్టిన బండి సిద్ధంగా ఉంది. రమణయ్య ఒక్కడే మంచం లాగుతున్నాడు. చెయ్యి వేసే మనిషి లేడు. పెద్దలు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ముసలాయనకు ఎగశ్వాస.

మార్ఫియా ఇంజెక్షను ఇచ్చాను. కాసేపటికి ఆయాసం తగ్గి, కళ్లు తెరిచి బండిని చూశాడు. "ఎద్దులిప్పి గడ్డెయ్యండ్రా" అన్నాడు. మూడోనాడు ఆ మంచం మీదే నిద్రలో పోయాడు.

కర్మలయ్యాక రమణయ్య నా దగ్గరికి వచ్చాడు. కాగితం తీసి తెలుగులో చదివి వినిపించాను. పోట్లాడతాడనుకున్నాను. "ఊరికి చెప్పినాడు, మీకు చెప్పినాడు. నాకూ చెప్పమని మీరన్నా అనలేదే సామీ" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అప్పటినుంచి ఇలాంటి కోరిక రాసుకునే ముందు, దానికి అందరికంటే గట్టిగా అడ్డుపడేదెవరో రోగినే అడిగి, ఆ మనిషిని పిలిపించేవాణ్ని. ఇద్దరూ నా ఎదుటే వాదించుకునేవాళ్లు, ఏడ్చేవాళ్లు, ఓపీ ఆలస్యమయ్యేది. కాగితం ఆ తర్వాతే.