పచ్చబొట్టు మీద కట్టు

నా చిన్నప్పుడు పొద్దుటి పూట మా ఇంట్లో అద్దం మా మేనత్తది. ఆవిడ డ్యూటీకి బయల్దేరేదాకా అమ్మగానీ నేనుగానీ దాని దగ్గరికి వెళ్లేవాళ్లం కాదు. భర్త పోయాక ఆవిడ మా దగ్గరే ఉండేది. విజయవాడలో ఒక పెద్ద చీరల కొట్టులో పని. నల్లగా, పొడుగ్గా, గట్టి మనిషి. రెండు ముక్కుపుటాలకీ పుడకలు, చెవుల నిండా పోగులు, గడ్డం మీద ఆకుపచ్చ చుక్క. కుడి ముంజేతి మీద జానెడు పొడుగున చేప పచ్చబొట్టు, దాని కింద వంకర అక్షరాల్లో మా నాయనమ్మ పేరు. చీర కొంగు చేతి మీద పరిచి చూపించేటప్పుడు జరీ పక్కన ఆ చేప కనపడేది. నా కంటికి చీరకంటే అదే బాగుండేది.

ఆ చేప సంగతి మా ఇంట్లో ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లు కాదు. నాకు కొంచెం అత్త దగ్గర, కొంచెం నాన్న దగ్గర తెలిసింది. మాది దివిసీమలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె. మావాళ్లు తరతరాలుగా చేపల మీద బతికినవాళ్లు. నేను పుట్టకముందు వచ్చిన ఉప్పెనలో ఆ పల్లె మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ రోజు నాన్నా, అత్తా అవనిగడ్డలో చుట్టాలింట్లో ఉండబట్టి మిగిలారు. నీళ్లు తీశాక వాళ్లమ్మను వెతుక్కుంటూ వెళ్తే పొలాల్లో, తుమ్మచెట్ల మొదళ్లలో ఎక్కడ చూసినా మనుషులేనట. ముఖాలు చూసి పోల్చుకునే స్థితి దాటిపోయిందట. అలా తిరుగుతుండగా ఒక చేతి మీద చేప పచ్చబొట్టు కనపడి, ఇది అమ్మ అని చెప్పింది మా అత్తే. అప్పటికి ఆవిడ పది, పదకొండేళ్ల పిల్ల. ఆ చేప లేకపోతే మా నాయనమ్మ కూడా, ఎవరో తెలియని వాళ్లందరితో కలిసి ఒకే గుంటలోకి వెళ్లిపోయేది.

మరుసటేడు పచ్చబొట్లు పొడిచే ఆవిడ ఆ చుట్టుపక్కలకి వస్తే, మా అత్త ఎవరికీ చెప్పకుండా వెళ్లి చెయ్యి చాపింది. ఎలాంటి చేప కావాలో ఇసకలో వేలితో గీసి చూపించింది. చెయ్యి వాచి జ్వరం వచ్చింది. నాన్న కేకలేస్తే, "నేను పోయినా అమ్మ కూతురినని తెలవాలి గదా" అందట.

నేను ఆరో తరగతి పూర్తిచేసిన వేసవిలో ఆ కొట్టు రూపం మారింది. అంతవరకూ అది వన్ టౌన్‌లో ఇరుకు సందులో ఉండేది. బయట తోపుడుబళ్లు, లోపల పరుపులు, గోడకి ఆనుకుని కూర్చున్న పెద్ద ఓనరుగారు. ఆ ఏడు బీసెంట్ రోడ్డులో గాజు తలుపులతో, ఏసీతో కొత్త షోరూం తెరిచారు. పెద్ద ఓనరుగారి అబ్బాయి చదువు ముగించుకుని వచ్చి వ్యవహారం చేతిలోకి తీసుకున్నాడు. పనిచేసే ఆడవాళ్లందరికీ ఒకే రంగు చీర ఇచ్చాడు. నవ్వి నమస్కారం పెట్టడం నేర్పించాడు. అంతవరకూ ఎవరికీ బాధ లేదు. ఒక సాయంత్రం మా అత్తను పక్కకి పిలిచి, ఆ పచ్చబొట్టు కనపడకూడదని చెప్పాడు. ముక్కుపుడక కూడా ఒకటి చాలన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్త జరిగిందంతా చెప్పింది.

"నేను ఎందుకండీ అన్నాను. పెళ్లిచీరలకి పెద్దింటి వాళ్లొస్తారు, వాళ్ల ముందు ఇట్టాంటి చెయ్యి బాగోదన్నాడు. నీ పని బాగుంటది, నిన్ను వదులుకోవడం నాకిష్టం లేదు, గుడ్డో బ్యాండేజో ఏదో ఒకటి కట్టేసుకో అన్నాడు."

"కట్టుకో మరి. పోయేదేముంది?" అన్నాడు నాన్న. నాన్న ఆటో నడిపేవాడు. ఆటో ఒక్కదాని మీద ఇల్లు గడవదని మా అందరికీ తెలుసు. "ఇంటికొచ్చి విప్పుకుంటావ్. అమ్మ ఏవన్నా అనుకుంటదా?"

అత్త అన్నం తిని చెయ్యి కడుక్కుంది.

పొద్దున్నే అత్త నాన్నది పాత పంచె ఒకటి తీసుకుని పొడుగ్గా చింపి, నా ముందు కూర్చుని చెయ్యి చాపింది. "కట్టవే. మణికట్టు కాడ్నుంచి మోచేతి దాకా. బాగా లావుగా కట్టు." నేను కట్టాను. "ఇంకా" అంది. ఇంకో పీలిక చుట్టాను. చివరికి ఆ చెయ్యి ఆస్పత్రిలో పడుకున్నవాళ్ల చెయ్యిలా, దిండులా తయారైంది. అత్త లొంగిపోయిందని నాకు మనసులో దిగులేసింది. నాన్న మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. సెలవులు కాబట్టి నేనూ ఆవిడతో కొట్టుకి వెళ్తున్నానని తెలిసి, గుమ్మం దగ్గర నన్ను ఆపి, ఎవరన్నా అడిగితే కాగే నూనె చిందిందని చెప్పమన్నాడు. నేను తలూపాను.

పెళ్లిళ్ల రోజులు. పది గంటలకల్లా షోరూం నిండింది. పెళ్లిచీరల విభాగంలో మాత్రం పాత అలవాటు ప్రకారం తెల్ల పరుపులు ఉంచారు. నేను ఒక మూల స్టూలు మీద కూర్చున్నాను. మొదట వచ్చిన తల్లీకూతుళ్లు చీరలు చూడకముందే అత్త చెయ్యి చూశారు.

"అయ్యో, ఏమైందమ్మా చేతికి?"

"ఏం కాలేదండీ. పచ్చబొట్టు ఉంది. అది కనపడకూడదని మా ఓనరుగారు చెప్పారు. కట్టుకున్నాను. ఇది కంచి పట్టండీ, అంచు చూడండి."

ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కొంచెం కూడా మారలేదు. చీర రంగు చెప్పినట్టే చెప్పింది. ఆ తల్లీకూతుళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. తర్వాత వచ్చినవాళ్లూ అదే అడిగారు. అత్త అదే చెప్పింది. అప్పుడు నాకు మెల్లగా అర్థమైంది. మామూలుగా ఆ చేపను చూసి కూడా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఆ రోజు మాత్రం వచ్చిన ప్రతి మనిషీ దాని గురించి తెలుసుకునే వెళ్తున్నారు. కట్టు అంత లావుగా ఎందుకు కట్టించుకుందో అప్పుడు తెలిసి, మూల కూర్చుని నవ్వు ఆపుకోలేకపోయాను.

అందరూ అత్త వైపే మాట్లాడారని చెప్పను. కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ, "నిజమేలే అమ్మా, చూడ్డానికి ఏదోలా ఉంటుంది" అంది. "ఉంటదేమోనండీ" అని అత్త ఆవిడకి కూడా అంతే ఓపిగ్గా పది చీరలు విప్పి చూపించింది. ఉయ్యూరు వైపు నుంచి ఒక ముసలమ్మగారు మనవరాలి పెళ్లికి కోడళ్లతో వచ్చింది. అత్త చెప్పింది విని, తన బంగారు గాజులన్నీ మోచేతి పైకి తోసి చెయ్యి చూపించింది. ముడతల మధ్య మాసిపోయిన తేలు బొమ్మ. "మా అమ్మ పొడిపించింది. అయితే నన్ను కూడా కట్టు కట్టుకుని రమ్మంటాడా మీ ఓనరు?" అని గట్టిగానే అడిగింది. కోడళ్లు చుట్టూ చూసి, "ఊరుకోండత్తయ్యా" అని ఆవిడ గాజులు కిందికి లాగబోయారు. ఆవిడ లాగనివ్వలేదు.

ఆ మాట కౌంటరు దాకా వెళ్లింది. చిన్న ఓనరు లేచి వచ్చాడు. కోపంగా ఉన్నా నలుగురిలో బయటపడలేదు. ముసలమ్మగారికి నమస్కారం పెట్టి, "మా అమ్మాయికి కొంచెం వేళాకోళం ఎక్కువండీ. వంటింట్లో చెయ్యి కాలింది, అంతే" అన్నాడు. అత్త నోరు తెరవబోతుంటే ఆవిడ వైపు చూడకుండా నా వైపు తిరిగాడు. నవ్వుతూనే, "ఏం పాపా, మీ అత్తకి చెయ్యి కాలింది కదా?" అన్నాడు.

అందరూ నన్నే చూశారు. నాన్న చెప్పిన మాట నాలుక మీదే ఉంది. చిన్న ఓనరు అడిగింది కూడా అదే. ఊ అంటే సరిపోయేది. అత్త ఉద్యోగం అత్తకుండేది, ఇంట్లో గొడవ ఉండేది కాదు. సాయం కోసం అత్త ముఖంలోకి చూశాను. ఆవిడ కళ్లతో కూడా ఏమీ చెప్పలేదు. చేతిలో చీర అలాగే పట్టుకుని, నేను ఏమన్నా సరేనన్నట్టు నిలబడింది.

"కాలలేదండీ," అన్నాను. "నేనే కట్టాను. లోపల మా నాయనమ్మ ఉంది."

ఎందుకలా అన్నానో నాకు తెలియదు. నాయనమ్మ పేరు ఉందని చెప్పాలనుకున్నాను, నోటికి అలా వచ్చింది. ముసలమ్మగారు పరుపు మీద ముందుకి జరిగి, "ఏదమ్మా, చూపించు" అంది. అత్త చీర కింద పెట్టి, పళ్లతో ముడి లాగి, పీలికలు ఒక్కొక్కటే విప్పింది. ఉప్పెన గురించి నాలుగు ముక్కల్లో చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.  చిన్న ఓనరు ముఖం కాస్త పాలిపోయింది. ఆయనకి ఇదంతా తెలియదు. అడిగి ఉంటే తెలిసేది.

పెద్ద ఓనరుగారు అత్తను లోపలి గదిలోకి పిలిపించారు. నేను అత్త కొంగు పట్టుకుని వెనకే వెళ్లాను. ఆయన మంచిగానే మాట్లాడారు. "అబ్బాయి చెప్పిన పద్ధతి తప్పేనమ్మా. కానీ షాపుకి ఒక రూలంటూ పెట్టాక మారిస్తే మిగతావాళ్లు వినరు. నువ్వు పైన గోడౌన్‌లో ఉండు. స్టాకు చూసుకో. జీతం తగ్గించను."

అది మంచి బేరమే. మా నాన్న ఉంటే దణ్ణం పెట్టి ఒప్పుకునేవాడు.

"గోడౌన్ పని నాకు చిన్నతనం కాదండీ," అంది అత్త. "మీరు పని మార్చాలని మారిస్తే రేపే వెళ్తాను. నన్ను కనపడకుండా పెట్టాలని మారిస్తే మాత్రం వెళ్లనండీ. నా చెయ్యి ఎవరికేం అపకారం చేసిందో చెప్పండి, ఇప్పుడే మళ్లీ కట్టుకుంటాను."

ఆయన "మొండిదానివమ్మా" అన్నారు, మెల్లగా.

"అవునండీ" అంది అత్త. నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. గాజు తలుపు తోసుకుని ఎండలోకి రాగానే ఆవిడ ఒక మూసిన కొట్టు మెట్ల మీద కూలబడింది.

"భయమేసిందా అత్తా?"

"ఎయ్యదా మరి? కాళ్లు చూడు, ఎట్టా వణుకుతున్నాయో." నిజంగానే వణుకుతున్నాయి. నా తల నిమిరి, "నువ్వు ఊ అన్నా నేనేం అనుకునేదాన్ని కాదే" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "అనలేదు గాబట్టి బాగుంది" అంది.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని చెబితే అబద్ధం. నాన్న చాలా రోజులు అత్తతో మాట్లాడలేదు. నాతో అసలే మాట్లాడలేదు. అమ్మ గ్యాసు మిగిలేలా ఒకపూటే వండేది. ఆ షోరూం బ్రహ్మాండంగా నడిచింది, ఇంకో అంతస్తు లేచింది. రూలు అలాగే ఉంది. అత్తకి వానలు పడ్డాక వన్ టౌన్‌లో ఒక చిన్న జాకెట్టు గుడ్డల కొట్టులో పని దొరికింది. జీతం తక్కువ, ఫ్యానే గతి. అక్కడ ఆవిడ కౌంటరు ముందు నిలబడి, రెండు పుడకలతో, చెయ్యి చాపి గుడ్డ కొలిచింది. చాలా ఏళ్లు కొలిచింది. ఒకరోజు నాన్న ఆటోలో ఆ కొట్టు ముందు నుంచి వెళ్తూ ఆగి, ఎక్కు, ఇంటికి తీసుకెళ్తానన్నాడు. వాళ్ల మధ్య రాజీ అంతే.

నేను డిగ్రీ చదివి, రెండు వేల సంవత్సరం దాటాక ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి వెళ్లాను. మా ఇంటి ఆడపిల్లల్లాగే నాకూ ముక్కుకి రెండువైపులా పుడకలు. ఇంటర్వ్యూ చేసినాయన అన్నీ అడిగి, తృప్తిపడి, ఒక పుడక తీసేస్తే రేపే చేరొచ్చన్నాడు. "ఎందుకండీ?" అన్నాను. ఆయన, "లుక్ బాగుంటుంది" అన్నాడు. రోగులకి దానివల్ల ఇబ్బంది ఏమిటని అడిగాను. సమాధానం రాలేదు. ఉద్యోగమూ రాలేదు. ఇంటికొచ్చి చెబితే అత్త బియ్యం ఏరుతూ, "పోనీలే, ఊళ్లో ఆస్పత్రి అదొక్కటేనా" అంది. ఇంకో ఆస్పత్రి వాళ్లు నా ముక్కు వైపు చూడనే లేదు. అక్కడే ఇప్పటికీ పనిచేస్తున్నాను. కొత్తగా చేరేవాళ్లను ఎంచుకునే పని ఇప్పుడు నాది.

ఈ మధ్య పిల్లలు చేతుల మీద రకరకాల బొమ్మలతో వస్తున్నారు. కొన్ని నాకు నచ్చవు. కొన్నింటి అర్థం తెలియదు. కొందరు మణికట్టు మీదికి చున్నీ లాక్కుని, నేను చూస్తానేమోనని సగం ప్రశ్నలకి తప్పు జవాబులు చెబుతారు. చేతులు బల్ల మీద పెట్టుకుని హాయిగా కూర్చోమంటాను. యాజమాన్యం నుంచి ఎవరైనా వచ్చి, ఆ అమ్మాయిని కప్పుకోమని చెప్పండి అంటే, నేను లేచి నిలబడి, గొంతు పెంచకుండా, ఎందుకండీ అని అడుగుతాను. సరైన కారణం వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటాను. నా కాళ్లు ఇప్పటికీ వణుకుతాయి.