ఓటకార్ ప్రభువుగారి నిప్పు గంట

మా ఓటకార్ ప్రభువుగారికి నిప్పంటే భయం. మీకూ నాకూ ఉండే భయం కాదండోయ్! విందుకొచ్చిన పక్క సంస్థానం దొరగారి నోట్లోంచి చుట్ట లాగి, ఆయన ద్రాక్షసారాలోనే ముంచేసిన మహానుభావుడు. మొరావియా దేశం మొత్తంలో అంత డబ్బూ, గోడల నిండా పటాలు కట్టిన అన్ని రంగుల బొమ్మలూ ఉన్న మనిషి ఇంకొకడు లేడు. ఆ బొమ్మల దుమ్ము దులిపే పని నాది.

ఆరేళ్లుగా వారానికోసారి, ఎప్పుడన్నది చెప్పకుండా, గంట పట్టుకుని "నిప్పు! నిప్పు!" అని కోటంతా అదిరిపోయేలా అరిచేవారు. మాలో ప్రతివాళ్లకీ ఒక బొమ్మ అప్పగించారు. గంట మోగితే అది పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాలి. ఒకసారి నేను స్నానం మధ్యలో లేచి, నా ఆవుల బొమ్మ అడ్డం పెట్టుకుని వచ్చాను. బొమ్మేమో చిన్నది.

"హావెల్, ఆలస్యం!" అన్నారాయన, నా అవస్థ పట్టించుకోకుండా.

వంటమనిషి లుద్మిలాకి మోకాళ్ల నొప్పులు. ఆవిడ వంతుకి వచ్చింది వంటింటి గుమ్మం పక్కనున్న ముల్లంగి బొమ్మ.

"ఈ ముల్లంగి కాలిపోతే లోకానికొచ్చిన నష్టమేంటి దొరా?"

"నోర్మూసుకుని మొయ్యి! బొమ్మ లేకుండా బయటికొచ్చినవాళ్లు మళ్లీ నా గడప తొక్కక్కర్లేదు!"



ఇంటింటా బాతు కాల్చుకునే మార్టిన్ పండుగనాడు మధ్యాహ్నం నిజంగానే అంటుకుంది. బాతు కొవ్వు పొయ్యిలో పడి, మంట పొగగొట్టం గుండా పైఅంతస్తుకి పాకింది. అందరం బొమ్మలతో పెరట్లో పడ్డాం. ప్రభువుగారు ఒక్కొక్కరి మొహం చూస్తూ లెక్కపెట్టారు.

"ముల్లంగి ఏదీ?"

పొద్దున్నే తుడవడానికని ఆ బొమ్మ నేనే నా గదికి తీసుకెళ్లాను. లుద్మిలాకి చెప్పలేదు.

"ప్రభూ, అది నా గదిలో ఉంది. పాపం, ఆవిడ లోపల వెతుక్కుంటూ ఉంటుంది!"

పైన, రెండు ఊళ్లు అమ్మి కొన్న వెనిస్ బొమ్మ భగభగా కాలిపోతోంది. దాన్ని ఆయన మాలో ఎవరికీ అప్పగించలేదని అప్పుడు తట్టింది నాకు. ఆయన అటు కన్నెత్తి చూడలేదు. వణుకుతూనే కోటు నెత్తిన కప్పుకుని పొగలోకి దూరారు. ఇద్దరిలో ఎవరికేమైనా ఆ పాపం నాదే. దేవుడా, దేవుడా అనుకోవడం తప్ప నాకేం చేతకాలేదు.

ఎంతసేపటికో బయటపడ్డారు. కనుబొమలు కాలిపోయిన ప్రభువుగారు, ఆయన భుజాన వేలాడుతూ లుద్మిలా.

"క్షమించండి దొరా, ముల్లంగి దొరకలేదు" అని ఏడ్చిందావిడ.

"ముల్లంగి తగలబడనీ! గుమ్మం పక్కనున్న బొమ్మే నీకెందుకిచ్చాను పిచ్చిదానా? ముందుగా నువ్వు బయటపడతావని!" అన్నారాయన.

లుద్మిలా ఏడుపు ఠక్కున ఆగింది. "ఆ ముక్క ఆరేళ్ల కిందటే చెప్పి చావొచ్చుగా!"

"చెబితే? నీ ప్రాణం కోసమంటే, పొయ్యి మీద బాతుని వదిలి వచ్చేదానివా?"

లుద్మిలా మొహాన మసి తుడుచుకుంది.

"వచ్చేదాన్ని కాదు" అంది.